నేలతంగేడు ఆకు పాతబడితే గుణం పెరుగుతుందా?

ప్రశ్న: మలబద్ధకానికి నేలతంగేడు (సునాముఖి) ఆకు వాడే అలవాటు మా ఇంట్లో చాలా కాలంగా ఉంది. పచ్చి ఆకు కడుపును మెలిపెడుతుందని, నీడన ఎండబెట్టి కొన్నాళ్లు ఆగాకే వాడాలని మా జేజి చెప్పేది. ఆమె దాచిన ఆకు మిద్దె మీది గదిలో గోనెసంచిలో మూడేళ్లుగా ఉంది. అది మరింత మేలైందనుకోవచ్చా?
- ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: మీ జేజి చెప్పిన మాటకు రసాయనశాస్త్రంలో గట్టి ఆధారం ఉంది, అయితే ఆ మాట మొదటి కొద్ది కాలానికే వర్తిస్తుంది, మూడేళ్ల ఆకుకు కాదు.

పచ్చి ఆకులో ఆంత్రోన్ గ్లైకోసైడ్లనే, చక్కెర భాగం అతుక్కుని ఉన్న పదార్థాలు ఉంటాయి. కోసిన ఆకును తక్కువ వేడిలో నెమ్మదిగా ఆరనిస్తే, ఆకులోని ఎంజైముల సాయంతో ఈ ఆంత్రోన్లు రెండేసి చొప్పున జతకూడి సెన్నోసైడ్లుగా మారతాయి. విరేచనానికి కారణమయ్యేవి ప్రధానంగా ఇవే. సెన్నోసైడ్లు చిన్నపేగులో పెద్దగా ఇంకకుండా పెద్దపేగు దాకా చేరి, అక్కడి సూక్ష్మజీవుల చేతిలో విడిపోయి, అప్పుడు పని మొదలుపెడతాయి. రాత్రి తీసుకున్న మందు తెల్లవారాక పనిచేయడం అందువల్లనే. కాబట్టి మన ఎండాకాలపు మిద్దె మీద, నిప్పులు చెరిగే ఎండలో ఆకును పరచడం కన్నా గాలి ఆడే నీడన ఆరబెట్టడమే సరైన పద్ధతి. వేడి మితిమీరితే ఎంజైములు పనిచేయవు, ఏర్పడిన సెన్నోసైడ్లు కూడా విచ్ఛిన్నమవుతాయి.

ఇదే కుటుంబపు రసాయనాలున్న కాస్కరా అనే ఉత్తర అమెరికా చెట్టు బెరడు విషయంలో ఈ నియమం ఇంకా కఠినంగా ఉంటుంది. తాజా బెరడు వాంతులు, తీవ్రమైన కడుపునొప్పి తెస్తుంది గనుక దానిని కనీసం ఏడాది నిల్వ ఉంచి, లేదా వేడిచేసి, అందులోని ఆంత్రోన్లు ఆక్సిజన్‌తో కలిసి మారిపోయాకే మందుగా వాడతారు.

ఈ మార్పు పూర్తయిన తరువాత కాలం మందుకు మేలు చేయదు. గోనెసంచి గాలిలోని తేమను ఆపలేదు. వానాకాలంలో తేమ చేరితే సెన్నోసైడ్లలోని చక్కెర భాగం విడిపోయి మందు బలం తగ్గుతుంది, బూజు భయమూ ఉంటుంది. ఎండిన మూలిక ఏడాది దాటితే, చూర్ణం రెండు నెలలు దాటితే గుణం తగ్గుతుందని శార్ఙ్గధర సంహిత అనే పాత ఆయుర్వేద గ్రంథం చెబుతుంది. వాయువిడంగాలు, పిప్పళ్లు, బెల్లం, ధనియాలు, నెయ్యి, తేనె పాతవి మేలని మినహాయించిన ఆయుర్వేదం, మిగిలినవన్నీ కొత్తవే వాడమన్నది. పాతదంతా మంచిదనే నమ్మకం బహుశా ఈ మినహాయింపుల నుంచే వచ్చి ఉంటుందని నా అభిప్రాయం.

మీ దగ్గరున్న ఆకులో ఎంత బలం మిగిలిందో రంగును, వాసనను బట్టి తేల్చలేరు. పనిచేయలేదని మోతాదు పెంచడం మరీ ప్రమాదం. దానిని పారేసి, కొత్త ఆకును నీడన పెళపెళలాడేలా ఆరబెట్టి, వెలుతురు తగలని గాజుసీసాలో బిగుతుగా మూతపెట్టి, సీసా మీద తేదీ రాసి ఉంచుకోండి. గర్భిణులు, పిల్లలు వైద్యుణ్ణి అడగకుండా దీనిని వాడరాదు. పెద్దలైనా వారం మించి వరుసగా వాడవద్దు.