ముందు మీ వారి తుంటి చూపించండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు ఏడేళ్లు. మూడేళ్లప్పుడు స్నానం చేయిస్తుంటే మోకాలి కింద గట్టిగా బుడిపె తగిలింది. ఇప్పుడు రెండు మోకాళ్ల దగ్గరా, ఎడమ మణికట్టు దగ్గరా, భుజం రెక్క మీదా ఉన్నాయి. ఎడమ ముంజేయి కాస్త వంకరగా కూడా అనిపిస్తోంది. ఎక్స్‌రేలు చూసి హెరిడిటరీ మల్టిపుల్ ఎక్సోస్టోసెస్, అంటే వంశపారంపర్యంగా ఎముకల మీద బుడిపెలు వచ్చే జబ్బు అన్నారు. మా వారికీ చిన్నప్పటి నుంచి ఇవే ఉన్నాయి, మామగారికీ ఉండేవట. ఒక సర్జన్ అన్నీ తీసేద్దామన్నారు, ఇంకొకరు ముట్టుకోవద్దన్నారు. టెన్షన్‌తో నాకు నిద్ర పట్టడం లేదు. క్యాల్షియం ఎక్కువై ఇలా వస్తాయా? క్యాన్సర్‌గా మారతాయా? రెండో బిడ్డను కనొచ్చా? మా వారికి 38 ఏళ్లు. తుంటి దగ్గరున్న బుడిపె ఈ మధ్య కాస్త పెద్దదై నొప్పి పెడుతోంది. ఆయనకు అదంతా అలవాటే, నా బాధంతా పాప గురించే.
– పేరు వేయవద్దన్న ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ వారి గురించి రాసిన చివరి మాటల దగ్గరే నేను ఆగిపోయాను. పాప విషయంలో ఆలోచించుకోవడానికి మనకు టైమ్ ఉంది. ఆయన విషయంలో ఆలస్యం వద్దు.

ఈ బుడిపెలు ఎముక పొడవు పెరిగే చోట, అంటే గ్రోత్ ప్లేట్ పక్కన పుడతాయి. లోపల ఎముక, పైన టోపీలా మృదులాస్థి. పిల్లలు ఎదిగినంత కాలం ఇవీ పెరుగుతాయి. ఎదుగుదల ఆగాక ఇవీ ఆగిపోవాలి. 38 ఏళ్ల మనిషికి బుడిపె పెద్దదవుతోందన్నా, ఇన్నేళ్లు ఊరుకున్నది కొత్తగా నొప్పి పెడుతోందన్నా, కారణం తేలేదాకా వదిలిపెట్టకూడదు. పైగా తుంటి, కటి ఎముకలు, భుజం రెక్క లాంటి చోట్ల ఉన్న బుడిపెలను మేం మిగతావాటి కంటే ఎక్కువ అనుమానంతో చూస్తాం.

నొప్పి అనగానే క్యాన్సర్ అని కాదు. కండరం రాసుకుని బుడిపె మీద నీటి సంచి ఏర్పడినా వాపూ నొప్పీ వస్తాయి, బుడిపె పెరిగినట్టే చేతికి తగులుతుంది. తేడా చెప్పేది ఎమ్మారై. పెద్దవాళ్లలో ఆ మృదులాస్థి పొర మందం 2 సెంటీమీటర్లు దాటితే గట్టిగా అనుమానించాల్సిందే. ఈ జబ్బు ఉన్నవాళ్లలో నూటికి 2 నుంచి 5 మందికి జీవితకాలంలో ఎప్పుడో ఒక బుడిపె కాండ్రోసార్కోమా అనే క్యాన్సర్‌గా మారొచ్చని సాధారణంగా చెబుతారు. చిన్నపిల్లల్లో మాత్రం ఇది చాలా చాలా అరుదు. ఎక్కువగా నెమ్మదిగా పెరిగే రకం కాబట్టి, చుట్టూ మంచి కణజాలంతో సహా పూర్తిగా తీసేస్తే చాలామందికి నయమవుతుంది. కీమోథెరపీకి, రేడియేషన్‌కు పెద్దగా లొంగదు. అందుకే ఆపరేషన్‌తో తేలిపోయే దశలోనే పట్టుకోవాలి. ఎముక కణితుల సర్జన్‌కే చూపించండి. ఎమ్మారై తీయకముందే ఎవరైనా సూది గుచ్చి ముక్క తీస్తామన్నా, చిన్న కోతతో తీసేస్తామన్నా ఒప్పుకోవద్దు. పాత ఎక్స్‌రేలుంటే తీసుకెళ్లండి, పోల్చి చూడటానికి అంతకంటే పనికొచ్చేది లేదు.

ఇక పాప. ఇద్దరు సర్జన్ల మాటా సగం సగమే సరైనది. బుడిపె ఉంది కాబట్టి తీసేయడం నాకు నచ్చని పద్ధతి. ఈ వయసులో గ్రోత్ ప్లేట్‌కు ఆనుకుని ఉన్నదాన్ని తీయబోతే ఆ ప్లేటే దెబ్బతినొచ్చు, తీసినచోట మళ్లీ రావచ్చు కూడా. అలాగని అసలు ముట్టుకోవద్దనడమూ సరికాదు. ఎన్ని ఉన్నాయని లెక్కపెట్టకండి, అవి ఏం చేస్తున్నాయో చూడండి.

నన్నడిగితే పాప ఒంట్లో ముందు చూడాల్సింది ఆ ఎడమ ముంజేయి. అక్కడ రెండు ఎముకలు పక్కపక్కనే ఉంటాయి. చిటికెన వేలి వైపు ఎముక ఎక్కువగా పెరిగేది మణికట్టు దగ్గరే, సన్నగా ఉండేదీ అక్కడే. ఆ చివర బుడిపె వస్తే ఆ ఎముక పొట్టిదైపోతుంది. కాడికి కట్టిన జోడెద్దుల్లో ఒకటి వెనకబడితే కాడి ఒరిగిపోయినట్టు, బొటనవేలి వైపు ఎముక వంగుతుంది. అది ముదిరితే మోచేతి దగ్గర కీలు తొలగిపోతుంది. ఒకసారి తొలగాక మళ్లీ సరిగ్గా కూర్చోబెట్టడం చాలా కష్టం. పాపను మోచేతులు నడుముకు ఆనించి, ముంజేతులు ముందుకు పెట్టి, అరచేతులు పైకీ కిందికీ తిప్పమనండి. ఎడమ చెయ్యి కుడిదానంత తిరగకపోతే ఇంకా నెలలు ఆగకుండా పిల్లల ఎముకల డాక్టర్‌ను కలవండి. మొత్తం మీద ఆపరేషన్ త్వరగా చేయడం మేలనిపించే సందర్భాల్లో ఇదొకటి.

మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగులుతుంటే, ఎదిగే వయసులో గ్రోత్ ప్లేట్‌కు ఒక పక్క చిన్న ప్లేటూ స్క్రూలూ బిగించి కాలు తిన్నగా పెరిగేలా చేయొచ్చు. ఎదుగుదల ఆగాక ఆ సులువైన దారి ఉండదు, ఎముక కోసి సరిచేయాల్సి వస్తుంది. కాళ్ల పొడవులో తేడా ఉందేమో కూడా చూపించండి. పాదం పైకి ఎత్తలేక తట్టుకుని పడుతున్నా, కాళ్లు బలహీనపడుతున్నా, మూత్రం మీద అదుపు తప్పుతున్నా బుడిపె నరాన్నో వెన్నుపామునో నొక్కుతోందేమో అనుకుని వెంటనే వెళ్లండి. ఇవేవీ లేకపోతే ఏడాదికోసారి చూపిస్తే సరిపోతుంది, నెలనెలా ఎక్స్‌రేలు వద్దు. ఆటలు మాన్పించకండి.

క్యాల్షియంకూ దీనికీ సంబంధం లేదు. పాలు ఆపక్కర్లేదు. మర్దనాలతో, పూతలతో ఇవి కరగవు, పాపకు నొప్పి తప్ప ఒరిగేదేమీ లేదు. చాలామందిలో ఈఎక్స్‌టీ1 లేదా ఈఎక్స్‌టీ2 అనే జన్యువులో లోపం వల్ల, ఎముక పెరుగుదలను హద్దులో ఉంచే హెపరాన్ సల్ఫేట్ అనే పదార్థం సరిగా తయారు కాదు. మీరు గర్భంతో ఉన్నప్పుడు తిన్నదీ తిననిదీ ఏదీ కారణం కాదు. మీ ఇంట్లో ఎవరైనా అలా అంటుంటే ఈ పేజీ చూపించండి.

రెండో బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఆడపిల్లయినా, మగపిల్లాడైనా అంతే. పాపకు వచ్చింది కాబట్టి ఈసారి రాదనే లెక్క లేదు. వస్తే ఎంత తీవ్రంగా ఉంటుందో ముందే చెప్పలేం, ఒకే ఇంట్లో ఒకరికి నాలుగు బుడిపెలుంటే ఇంకొకరికి ఒళ్లంతా ఉండొచ్చు. కనాలా వద్దా అనేది మీ ఇద్దరి నిర్ణయం, ఈ జబ్బుతో మామూలుగా బతుకుతున్నవాళ్లు చాలామందే ఉన్నారు. గర్భంలోని బిడ్డకు పరీక్ష చేయించాలన్నా, ఐవీఎఫ్‌లో పిండాన్ని పరీక్షించాలన్నా ముందు మీ వారి జన్యువులో లోపం ఎక్కడుందో తెలిసి ఉండాలి. దానికి ఆయన రక్తం ఇస్తే చాలు, కానీ రిపోర్టుకు వారాలు పడుతుంది. ఎమ్మారైకి వెళ్లినప్పుడే జన్యు సలహాదారును కూడా కలిసి ఆ రక్తం ఇచ్చి రమ్మనండి.