లేజరా, గ్లూనా అని అడిగిన మేనల్లుడికి

అబ్బాయ్,

వెరికోస్ వెయిన్స్‌కి, అంటే కాలి రక్తనాళాలు ఉబ్బి మెలికలు తిరిగే జబ్బుకి, లేజర్, గ్లూ చికిత్సలని నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్రకటన చూశాను. కోత లేదు, కుట్లు లేవు, ఆ రోజే ఇంటికి అన్నారు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ నీ కాలికి అది పనికొస్తుందో లేదో ఆ ప్రకటనకేం తెలుసు? సర్జికల్ వార్డులో నర్సుగా పనిచేసినదాన్ని, పైగా నా రెండు కాళ్ళకూ చేయించుకున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. మెషిన్ సంగతి తర్వాత, ముందు నరాల్లో రక్తం ఎటు పారుతోందో చూసే డాప్లర్ స్కాన్. (నరాలని నేననేది రక్తనాళాల్నే.)

మీ అమ్మ బోదకాలేమోనని బెంగపెట్టుకుంది. మన గోదావరి జిల్లాల్లో ఆ భయం ఊరికే పుట్టింది కాదు. అనుమానం ఉంటే రాత్రిపూట రక్తం తీసి చూస్తారు, బోదకాలు పురుగు పిల్లలు (మైక్రోఫైలేరియా) రక్తంలోకి ఎక్కువగా వచ్చేది అప్పుడే. చేయించుకో, పోయేదేం లేదు. అయితే నీ ఫోటోలో పిక్క మీద మెలికలు తిరిగిన నీలం నరాలు కనబడుతున్నాయి. సాయంత్రానికి వాచి, కాళ్ళు ఎత్తిపెడితే తగ్గుతోందంటున్నావు. చీలమండ లోపలివైపు నల్లబడి దురద కూడానట. తెల్లారకముందు నుంచీ రావులపాలెం సెంటర్లో పెనం ముందు నిలబడేవాడికి ఇవి వెరికోస్ వెయిన్స్ లక్షణాలే. నల్లబడ్డ చోట గోకకు. అక్కడ పుండు పడితే మానడానికి నెలలు పడుతుంది.

కాలి నరాల్లో రక్తం కిందికి జారకుండా వాల్వులుంటాయి, మన కాలువ లాకుల్లాగ. గజ్జల దగ్గర పై లాకు తలుపు సరిగ్గా మూసుకోకపోతే నీరంతా దిగి కింద బోదెలు పొంగుతాయి. నీకు కనబడే మెలికలు ఆ బోదెలే. లాకు సంగతి చూడకుండా వాటికి మాత్రం ఇంజెక్షన్ చేస్తే కొన్నాళ్ళకు మళ్ళీ పొంగుతాయి. కారుతున్నది ఎక్కడో చెప్పేది డాప్లరే. నిన్ను నిలబెట్టి, పిక్క నొక్కి వదిలి, రక్తం అర సెకను కంటే ఎక్కువసేపు వెనక్కి వస్తోందా అని చూడాలి. లోపలి పెద్ద నరాల్లో గడ్డలున్నాయేమో కూడా చూడాలి. పడుకోబెట్టి గబగబా ముగించి రిపోర్టు చేతిలో పెడితే ఊరుకోకు, అడుగు. అన్నట్టు, వెళ్ళాల్సింది రక్తనాళాల డాక్టరు, అంటే వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి, న్యూరో డాక్టర్ దగ్గరికి కాదు.

ఇక లేజర్, ఆర్‌ఎఫ్ (రేడియో తరంగాలతో వేడి పుట్టించేది) రెండూ ఒక కోవవే. సూది రంధ్రంలోంచి సన్నటి తీగ పంపి, పాడైన నరాన్ని లోపల్నుంచి వేడితో మూసేస్తారు. చుట్టూ మత్తుమందు కలిపిన సెలైన్ ఎక్కించే సూదులే కాస్త బాధ, నాకైతే మిగతాది తెలియనేలేదు. ఫలితాల్లో రెండింటికీ పెద్ద తేడా లేదు కాబట్టి డాక్టరుగారి చెయ్యి దేనిమీద బాగా తిరిగిందో అదే చేయించుకో. గ్లూ అంటే నరాన్ని జిగురుతో అతికించి మూయడం. దానికి ఆ సూదులన్నీ అక్కర్లేదు, చాలామందికి తర్వాత వేసుకునే బిగుతు మేజోళ్ళూ అక్కర్లేదు. కానీ ఖరీదెక్కువ, ఆ జిగురు ఒంట్లోనే ఉండిపోతుంది, కొందరికి నరం పొడుగునా ఎర్రగా కంది దురద పెడుతుంది. నీకెలాగూ ప్లాస్టర్ జిగురు పడదు, ఆ మాట డాక్టరుతో తప్పకుండా చెప్పు. నురుగులాంటి మందు ఎక్కించి నరాన్ని మూసే ఫోమ్ ఇంజెక్షన్ చవక. పెద్ద నరానికి అదొక్కటే వాడితే మళ్ళీ తెరుచుకునే అవకాశం ఎక్కువ, మిగిలిపోయిన మెలికలకు మాత్రం బాగుంటుంది. బ్రిటన్‌లో డాక్టర్లకు చికిత్సా సూచనలిచ్చే నైస్ సంస్థ 2013లో ఇచ్చిన సూచనల్లో వరుస కూడా ఇదే: ముందు వేడితో మూయడం, కుదరకపోతే ఫోమ్, అదీ కుదరకపోతే ఆపరేషన్. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో గజ్జల్లో కోసి నరాన్ని లాగేసేవారు, పాపం పేషెంట్లకు తొడంతా కమిలిపోయేది.

నరం మూసేస్తే రక్తం ఎటు పోతుందని అమ్మాయి అడిగిందట. నీకు రాని అనుమానం దానికొచ్చింది! కాలి రక్తంలో ఎక్కువ భాగం లోపలి పెద్ద నరాల గుండానే పైకి పోతుంది. అవి బాగున్నాయని తేలాకే పైదాన్ని మూస్తారు.

ప్యాకేజీ అంటే ఒక కాలికా, రెండింటికా, మేజోళ్ళు, తర్వాతి స్కాన్, మెలికలకు ఫోమ్ అందులోనేనా అని కాగితం మీద రాయించుకో. ఇన్సూరెన్స్‌కి ముందే అనుమతి తెచ్చుకో, లేకపోతే అందం కోసం చేయించుకున్నావని కొట్టేసినా కొట్టేస్తారు. ఆరోగ్యశ్రీ, అదే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, వర్తిస్తుందేమో ఆస్పత్రిలో ఆ పథకం చూసేవాళ్ళను అడుగు.

రోహిణి కార్తెలో మాత్రం పెట్టుకోకు, ఆ ఉక్కలో బిగుతు మేజోళ్ళు భరించలేవు. కార్తీకమాసం రద్దీ తగ్గాక అయితే సంక్రాంతికి తేలికపడతావు. అదే రోజు నడిపిస్తారు, నడవాలి కూడా. కానీ పెనం ముందు నిలబడటం నడక కాదు. కొన్నాళ్ళు మీ తమ్ముణ్ణి నిలబెట్టు. మేజోళ్ళు పొద్దున్నే మంచం దిగకముందే తొడుక్కో. పిక్క గట్టిపడి వాచినా, ఆయాసం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్ళు. ఇంకో పదేళ్ళు ఇదే పని చేస్తావు కాబట్టి వేరే నరం ఉబ్బదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఈలోగా దెబ్బ తగిలి ఆ నరంలోంచి రక్తం చిమ్మితే నిలబడి కంగారుపడకు. వెంటనే పడుకుని కాలు ఎత్తి, గుడ్డతో గట్టిగా నొక్కి పట్టమని అమ్మాయికి ఇప్పుడే చెప్పి ఉంచు. డాప్లర్ రిపోర్టు రాగానే ఫోటో తీసి పంపు.

మీ అత్తయ్య