ఎరుపు హీటర్ కాలుతుంది, నీలం ఎల్‌ఈడీ కాలదు: మరి నీలం కాంతికే శక్తి ఎక్కువని ఎందుకంటారు?

ఎరుపు కంటే నీలం కాంతికి శక్తి ఎక్కువని పుస్తకంలో ఉంది, ఇంట్లో చూస్తే ఎర్రగా కాలే రూమ్ హీటర్ దగ్గర చెయ్యి పెట్టలేం, నీలం ఎల్‌ఈడీని వేళ్లతో పట్టుకోవచ్చు, ఇదెలా అని అడిగారు. పుస్తకం చెప్పేది ఒక్కో ఫోటాన్ సంగతి, అంటే కాంతిలోని ఒక్కో చిన్న శక్తి ముద్ద సంగతి. మీ చేతికి తెలిసేది సెకనుకు వచ్చిపడే మొత్తం శక్తి. ఈ రెండూ వేరు.

బెంగళూరు మారతహళ్లిలో ఉండే మా అక్క కూతురు పీయూసీ (మన ఇంటర్) చదివేటప్పుడు అచ్చం ఇదే అడిగింది. ఫార్ములా చెప్తే తల ఊపింది గానీ మనసుకు పట్టలేదని ముఖం చూస్తేనే తెలిసింది. అందుకే ఎలక్ట్రానిక్స్ సామాను దొరికే ఎస్పీ రోడ్డుకి తీసుకెళ్లి ఎరుపు, నీలం ఎల్‌ఈడీలు, వాటిలోకి కరెంటు ఎక్కువ పోకుండా ఆపే రెసిస్టర్లు కొన్నాం. పిల్లల గదుల్లో సీలింగుకి అంటిస్తారే, చీకట్లో వెలిగే నక్షత్రాల స్టిక్కర్లు, అవి ఇంట్లోనే ఉన్నాయి.

ఒక స్టిక్కర్‌ని రాత్రంతా డబ్బాలో మూసిపెట్టి, మర్నాడు చీకటి గదిలో ఎర్ర ఎల్‌ఈడీని దానికి ఆనించాం. తీసి చూస్తే ఏమీ లేదు. ఇంకాసేపు ఉంచాం, పక్కన మరికొన్ని ఎర్రవి చేర్చాం. అయినా నల్లగానే ఉంది. నీలం దాన్ని అలా ఆనించి తీశామో లేదో, సరిగ్గా దాని మొన తగిలిన చోట గుండ్రంగా ఆకుపచ్చ చుక్క వెలిగింది.

"మామయ్యా, అయితే ఎర్రది ఎంతసేపు పెట్టినా లెక్కలోకి రాదా?" అంది.

రాదు. ఐదు రూపాయల బిళ్లే తీసుకునే బరువు మిషన్‌లో రూపాయి బిళ్లలు ఎన్ని వేసినా టికెట్ రాదు కదా. స్టిక్కర్ వెలగాలంటే ముందు దానిలోని ఎలక్ట్రాన్‌ని ఎక్కువ శక్తి ఉన్న స్థాయికి లేపాలి. ఆ పని మామూలుగా ఒకే ఒక్క ఫోటాన్ చెయ్యాలి, నలుగురు కలిసి చేసేది కాదు. కాంతి ఇలా ముద్దలు ముద్దలుగా శక్తినిస్తుందని 1905లో ఐన్‌స్టీన్ చెప్పాడు. ఆయనకు 1921 నోబెల్ వచ్చింది సాపేక్షతకు కాదు, ఈ ఆలోచనతో ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్‌ని, అంటే కాంతి పడితే లోహంలోంచి ఎలక్ట్రాన్లు బయటికి రావడాన్ని, వివరించినందుకే.

లెక్క కూడా తేలికే. 1240ని నానోమీటర్లలో ఉన్న తరంగదైర్ఘ్యంతో భాగిస్తే ఒక ఫోటాన్ శక్తి ఎలక్ట్రాన్ వోల్టుల్లో (ఇంత చిన్న శక్తుల్ని కొలిచే ప్రమాణం) వస్తుంది. 650 నానోమీటర్ల ఎరుపుకి 1.9, 450 నీలానికి 2.75. స్టిక్కర్ వదిలే ఆకుపచ్చ 520 దగ్గర ఉంటుంది, అంటే సుమారు 2.4. అంత ఇవ్వాలంటే ఎరుపు చాలదు. మల్టీమీటర్ ఉంటే వెలుగుతున్న ఎల్‌ఈడీల వోల్టేజీ కొలవండి: ఎర్రదానికి 2 వోల్టుల చుట్టుపక్కల, నీలానికి దాదాపు 3. ఆ తేడా కాంతి రంగులోంచి వచ్చిందే. నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది ఇదే.

ఇక మీ హీటర్. దాని 1000 వాట్లలో కంటికి కనిపించే ఎరుపు చాలా తక్కువ, ఎక్కువ భాగం కనిపించని పరారుణ కాంతే. ఒక్కో ఫోటాన్ బలహీనమే, కానీ లెక్కలేనన్ని వస్తాయి. చిన్న నీలం ఎల్‌ఈడీ తీసుకునే కరెంటే 0.06 వాట్లు. పోలిక సమంగా ఉండాలంటే రెండు రంగుల్నీ ఒక్కో వాట్ చొప్పున నల్ల కాగితం మీద పడనివ్వాలి. అప్పుడు వేడి దాదాపు ఒకటే. కాకపోతే ఆ ఒక్క వాట్ కోసం ఎరుపులో సెకనుకు సుమారు 3.3 × 10¹⁸ ఫోటాన్లు కావాలి, నీలంలో 2.3 × 10¹⁸ చాలు.

ఇంట్లో చేసి చూడాలనుకుంటే మొబైల్ టార్చికి ఎర్ర జిలుగు కాగితం చుట్టి మాత్రం చెయ్యకండి. అది మిగతా రంగుల్ని పూర్తిగా ఆపదు, స్టిక్కర్ కాస్త వెలిగి మళ్లీ అనుమానం మొదలవుతుంది. అసలైన ఎర్ర ఎల్‌ఈడీయే వాడండి, రెసిస్టర్ పెట్టడం మర్చిపోకండి.