హంతకుడు దొరికాక కూడా ముగియని కథలు

ప్రశ్న ఇది: స్వీడన్, డెన్మార్క్, నార్వేల నేర నవలలకూ సీరియళ్లకూ ప్రపంచమంతటా ఇంత ఆదరణ ఎందుకు? మంచు, చీకటి తప్ప వాటిలో ప్రత్యేకంగా ఏముంది? కొత్తవాళ్లు దేనితో మొదలుపెట్టాలి?

మంచు వల్ల కాదని ముందే చెప్పేస్తాను. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు మాల్మోలో ఉన్నాను. దక్షిణ స్వీడన్‌లోని ఆ స్కోనె ప్రాంతంలో శీతాకాలమంటే ఎక్కువగా ముసురు, బురద, ఎముకలు కొరికే ఎదురుగాలి. పోస్టర్ల మీద కనిపించే తెల్లటి మంచు అక్కడ అప్పుడప్పుడే పడుతుంది. ఈ సాహిత్యంలో ఎంతో పేరున్న పోలీసు అధికారి కుర్ట్ వాలండర్ తిరిగింది ఆ బురద నేల మీదే. నాకు తెలిసినంతలో వీటి బలం ఒక్కటే. హంతకుడెవరో తేలగానే కథ చేతులు దులుపుకోదు. పోయిన మనిషి ఇంట్లో తరువాత ఏం జరిగింది, ఈ హత్యకు చోటిచ్చిన సమాజం ఎలాంటిది అని అడుగుతూనే ఉంటుంది.

చిన్నప్పుడు అద్దె పుస్తకాల దుకాణం నుంచి తెచ్చుకుని చదివిన డిటెక్టివ్ నవలలంటే నాకు ఇప్పటికీ ప్రాణం. యుగంధర్ వచ్చాడంటే చిక్కుముడి విడిపోయినట్టే అన్న భరోసా వాటిలో ఉండేది. స్వీడన్ నవలల్లో ఆ భరోసా దొరకదు. మొదట్లో విసుగనిపించింది, తరువాత అదే నన్ను కట్టిపడేసింది.

దీనికి పునాది వేసినవాళ్లు మై షోవాల్, పేర్ వాలో అనే జంట. పిల్లలు పడుకున్నాక రాత్రుళ్లు కూర్చుని, చెరో అధ్యాయం చొప్పున రాసుకుంటూ 1965 నుంచి 1975 లోపు పది నవలలు పూర్తి చేశారు. ఇద్దరూ మార్క్సిస్టులు. పదింటినీ కలిపి ‘ఒక నేరం కథ’ అన్నారు. ఆ నేరం స్వీడన్ ప్రభుత్వం తన శ్రామికులకు చేసిన ద్రోహమని వారి ఆరోపణ. పదో నవలలో చిట్టచివరి మాట ‘మార్క్స్’. ఇంత రాజకీయం ఉందంటే ఉపన్యాసం లాగా ఉంటుందేమోనని అనుకోకండి. మొదటి నవల ‘రోసానా’ తీసుకోండి. గోటా కాలువలోని ఒక లాకు దగ్గర పూడిక తీస్తుంటే ఒక స్త్రీ శవం బయటపడుతుంది. ఆమె ఎవరో కూడా చాలాకాలం తెలియదు. ఆమె ఎక్కిన పడవలో ప్రయాణించి వెళ్లిన పర్యాటకులు దేశదేశాలకు చెదిరిపోయి ఉంటారు. పోలీసులు వాళ్లకు ఉత్తరాలు రాసి, సెలవుల్లో తీసుకున్న ఫొటోలు, చిన్న చిన్న సినిమా రీళ్లు తెప్పించుకుంటారు. ఎవరో సరదాగా తీసుకున్న బొమ్మల్లో ఓ మూల ఆమె కనిపిస్తుందేమో, పక్కన ఎవరున్నారో అని ఒక్కొక్కటే చూస్తారు. నెలలు గడుస్తాయి. కడుపునొప్పితో, చప్పబడిన కాపురంతో, తీరిక దొరికితే బొమ్మ ఓడలు కట్టుకునే మార్టిన్ బెక్ అనే అధికారి మాత్రం ఆ కేసు వదలడు. ఫొటోలు వెతికే ఆ పేజీలు నాకు ఏ తుపాకీ కాల్పుల కన్నా ఉత్కంఠగా అనిపించాయి.

తరువాతి పెద్ద మలుపు వాలండర్‌ను సృష్టించిన హెన్నింగ్ మాంకెల్. వాలండర్ మొదటి నవల 1991లో వచ్చింది. ఇంగ్లీషులో దాని పేరు ‘ఫేస్‌లెస్ కిల్లర్స్’. వలస వచ్చినవాళ్లకు ఉచితంగా స్వీడిష్ నేర్పే తరగతులకు వెళ్లే రోజుల్లో, నిఘంటువు పక్కన పెట్టుకుని దాన్ని చదివాను. పల్లెలో ఒంటరి ఇంట్లో ఒక ముసలి రైతును, అతని భార్యను దారుణంగా హింసిస్తారు. ఆమె ప్రాణం పోయే ముందు ‘విదేశీ’ అన్న మాట ఒక్కటి పలుకుతుంది. ఆ మాట పోలీసుల దగ్గర నుంచి పత్రికలకు పొక్కుతుంది. అంతే, శరణార్థుల శిబిరానికి నిప్పు పెడతారు, ఏ పాపం ఎరుగని ఒక సోమాలీ మనిషిని కాల్చి చంపుతారు. హత్య కేసు ఒక చెయ్యి, ఊళ్లో రాజుకున్న ద్వేషం ఇంకో చెయ్యి పట్టుకుని లాగుతుంటే వాలండర్ నలిగిపోతాడు. నేనూ అదే స్కోనెలో నల్లటి చర్మంతో తిరిగే పరదేశిని. తరగతిలో నా పక్కన కూర్చునేవాళ్లలో సోమాలియా నుంచి వచ్చినవాళ్లూ ఉండేవారు. ఆ పేజీలు చదివిన రాత్రి నిద్ర పట్టలేదు. నవల వచ్చిన ఏడాదే, ఆగస్టు నుంచి, స్టాక్‌హోమ్, ఉప్సాలాల్లో ఒక వ్యక్తి వలస వచ్చినవాళ్లను వెతికి వెతికి కాల్చడం మొదలుపెట్టాడు. మొత్తం 11 మందిని కాల్చాడు, ఒకరు చనిపోయారు. రచయిత గాలి పసిగట్టి రాశాడని నేను నమ్ముతాను.

వాలండర్ ఊరు ఇస్టాడ్. మాల్మో నుంచి ఊదారంగు లోకల్ రైలెక్కితే ఇంచుమించు గంట లోపే ప్రయాణం. దారి పొడవునా పొలాలు, పొడవాటి తెల్లటి రైతు ఇళ్లు. ఆ ఇళ్లను చూసినప్పుడల్లా నవల మొదటి అధ్యాయం గుర్తొచ్చేది. ఊళ్లో వాలండర్ నివసించిన మరియాగాతన్ వీధి, అతను కాఫీ తాగే ఫ్రీడోల్ఫ్స్ అనే బేకరీ నిజంగానే ఉన్నాయి. కల్పిత పోలీసు కోసం జర్మనీ నుంచి కూడా అభిమానులు వచ్చి ఆ వీధిలో ఫొటోలు దిగుతారు.

ఇక తెర సంగతి. డెన్మార్క్ ప్రజా ప్రసార సంస్థ డీఆర్ 2007లో ‘ఫోర్‌బ్రూడెల్సెన్’ అనే సీరియల్ ప్రసారం చేసింది. బయటి దేశాల్లో ‘ది కిల్లింగ్’ అన్నారు. సోరెన్ స్వైస్ట్రప్ రాశారు, సోఫీ గ్రోబెల్ సారా లుండ్‌గా నటించారు. మొదటి సీజన్‌లో 20 ఎపిసోడ్లు, ఒక్కో ఎపిసోడ్‌కు ఒక్కో రోజు, అన్నింటికీ కలిపి ఒకే ఒక్క హత్య. ఇది ఎంత పెద్ద సాహసమో ఆలోచించండి. మొదటి ఎపిసోడ్‌లో కాలువలోంచి కారును పైకి లాగుతుండగా, కనిపించకుండా పోయిన అమ్మాయి తండ్రి అక్కడికి చేరుకుంటాడు. ఫోనులో అవతల భార్య ఉంటుంది. అతన్ని పోలీసులు ఆపుతారు, అతని ఆక్రోశం ఫోనులో ఆమెకు వినబడుతుంది. అమ్మాయి చనిపోయిందని ఆ తల్లికి ఎవరూ చెప్పరు, చెప్పక్కరలేదు. అక్కడి నుంచి ఆ ఇల్లు మన కళ్ల ముందే ఉంటుంది. ఇద్దరు చిన్న పిల్లలకు అక్క ఇక రాదని చెప్పాలి, అంత్యక్రియలు చెయ్యాలి, సామాన్లు తరలించే తమ వ్యాపారం నడపాలి. మా పెదనాన్న కొడుకు రోడ్డు ప్రమాదంలో పోయాక ఆ ఇంట్లో ముద్ద దిగని రోజులు చూశాను. అలాంటి రోజుల్ని తొందరపడకుండా, ఏడుపు సంగీతం వాయించకుండా చూపించిన నేర సీరియల్ నేను అంతకు ముందు చూడలేదు.

ఇది గాలివాటంగా జరగలేదు. డీఆర్ తన నాటకాలకు ఒక నియమం పెట్టుకుంది: పైకి కనిపించే కథ కింద సమాజాన్ని గురించిన ఒక ప్రశ్న కూడా ఉండాలి, రచయిత దృష్టే అందరికీ దారి చూపాలి. ప్రజల డబ్బుతో నడిచే సంస్థ కాబట్టి ఇరవై గంటలు ఒకే దుఃఖం మీద నిలిచే ధైర్యం చెయ్యగలిగింది. 2011లో బీబీసీ ఫోర్ దాన్ని డబ్బింగ్ లేకుండా, కింద ఇంగ్లీషు అక్షరాలతోనే వేసింది. బ్రిటన్ జనం దానికి అతుక్కుపోయారు, లుండ్ వేసుకున్న ఫారో దీవుల ఊలు స్వెట్టరు కోసం ఎగబడ్డారు.

అదే ఏడాది వచ్చిన ‘ది బ్రిడ్జ్’ సీరియల్ గురించి నేను పక్షపాతం లేకుండా మాట్లాడలేను. మాల్మో, కోపెన్‌హాగెన్‌లను కలిపే ఓరెసుండ్ వంతెన మీద నేను రైల్లో వెళ్లి వస్తుండేవాణ్ని. రెండు దేశాల సరిహద్దు గీత మీద సరిగ్గా సగం ఇటు, సగం అటు పడి ఉన్న శవంతో ఆ కథ మొదలవుతుంది. నేను ప్రయాణించే రోజుల్లో, 2016 జనవరిలో, శరణార్థుల రాకను అదుపు చెయ్యడానికి డెన్మార్క్ వైపు కాస్ట్రప్ స్టేషన్‌లో గుర్తింపు తనిఖీలు మొదలయ్యాయి. అప్పటిదాకా ఊళ్లో బస్సు ఎక్కినంత తేలిగ్గా దాటిన గీత ఉన్నట్టుండి వరుసలు, కాగితాలు, అనుమానపు చూపులుగా మారింది. ఈ గీత ఎవరిది, దాటితే ఏం మారుతుంది అని సీరియల్ అడిగిన ప్రశ్న రోజూ నా ముందే ఉండేది. ఈ కథను అమెరికా–మెక్సికో, బ్రిటన్–ఫ్రాన్స్, మలేషియా–సింగపూర్ సరిహద్దులకు మార్చి తీయగలిగారంటే కారణం అదే. సరిహద్దు లేని చోటు ఎక్కడుంది?

స్టీగ్ లార్సన్ పేరు లేకుండా ఈ జవాబు పూర్తికాదు. తీవ్ర రైటిస్టు ముఠాల మీద ఏళ్ల తరబడి పరిశోధించిన పాత్రికేయుడు. 2004లో, 50 ఏళ్లకే గుండెపోటుతో పోయాడు. తన నవలలు అచ్చయింది కూడా చూసుకోలేదు. లిస్‌బెత్ సాలండర్ అనే హ్యాకర్ యువతి ప్రధాన పాత్రగా ఆయన రాసిన నవలలు మూడూ కలిపి ప్రపంచమంతటా 8 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయాయి. మొదటి నవలకు స్వీడిష్ పేరు ‘స్త్రీలను ద్వేషించే పురుషులు’. అందులో ప్రతి భాగం మొదట్లో స్వీడన్ స్త్రీల మీద జరిగే హింస గురించి ఒక లెక్క ఉంటుంది. 2009 నాటి స్వీడిష్ సినిమాలో నూమీ రపాస్, 2011లో డేవిడ్ ఫించర్ తీసిన దానిలో రూనీ మారా సాలండర్ పాత్ర వేశారు. ఫించర్ సినిమా చూడ్డానికి అందంగా ఉంటుంది. రపాస్ కళ్లలోని కసి మాత్రం దానిలో లేదని నా అభిప్రాయం.

లార్సన్ విజయం చేసిన చెడుపు కూడా ఉంది. ఆ తరువాత ప్రతి ప్రచురణకర్తా అట్ట మీద మంచు వేసి, ‘మరో లార్సన్’ అని రాసి అమ్మారు. ఆడవాళ్లను ఎంత ఘోరంగా చంపితే అంత ఉత్కంఠ అనుకున్న నవలలు కుప్పలుగా వచ్చాయి. అవి చదవకండి. కోపంతో రాసినదానికీ, వినోదంగా రాసినదానికీ తేడా రెండు అధ్యాయాల్లో తెలిసిపోతుంది. నార్వే రచయిత యో నెస్బో నవలల్లో కొన్ని బాగుంటాయి. కానీ ‘ది స్నోమాన్’ సినిమా (2017) మాత్రం అతుకుల బొంత. స్క్రిప్టులో కొంత భాగం చిత్రీకరించనే లేదని దర్శకుడే ఒప్పుకున్నారు.

మీరైతే ‘రోసానా’తో మొదలుపెట్టండి, చిన్న పుస్తకం. తరువాత మాంకెల్ నవల నేను చెప్పినది. అది నచ్చితే ఐస్‌లాండ్ రచయిత అర్నాల్దుర్ ఇంద్రిదాసన్ ‘జార్ సిటీ’. తెర మీద ‘ది కిల్లింగ్’ డేనిష్ మొదటి సీజన్, అమెరికా రీమేక్ కన్నా ముందు. డబ్బింగ్ దొరికినా వద్దు, అసలు గొంతులతో చూడండి. రోజుకు ఒకటి రెండు ఎపిసోడ్లకు మించకండి, అది రోజుకొక ఎపిసోడ్ చొప్పున నడిచే దర్యాప్తు కాబట్టి అలా చూస్తేనే దాని బరువు తెలుస్తుంది. లార్సన్‌ను చివరికి ఉంచుకోండి. మిగతావి చదివాక ఆయన కోపం ఎక్కడి నుంచి వచ్చిందో మీకే అర్థమవుతుంది.