ఆ మాత్ర మొదలుపెట్టే ముందు

చిన్నీ,

నీ ఎగ్జిమాకి ఉపాడసిటినిబ్ అనే మాత్ర రాశారని, డబ్బాలోని కాగితం చదివి గుండె జారిపోయిందని మెసేజి పెట్టావు. నన్ను కంగారుపెట్టింది ఆ కాగితం కాదే, నువ్వు చివర్లో మాటవరసకి రాసిన ముక్క. దురద పెరిగినప్పుడల్లా మెడికల్ షాపులో ప్రెడ్నిసోలోన్ కొని వారం వేసుకుంటున్నావా? అదీ స్టెరాయిడేగా! రెండు మూడు రోజుల్లో చర్మం నున్నబడుతుంది, ఆపగానే మునుపటికన్నా మండిపడి లేస్తుంది. అలా ఏళ్ళ తరబడి మింగి మొహం ఉబ్బి, షుగరొచ్చి, ఎముకలు గుల్లబారినవాళ్ళకి స్కిన్ వార్డులో నేనే సూదులు వేశాను. ఎంత వేసుకున్నావో డాక్టరు దగ్గర దాచకు. నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపెయ్యకు కూడా.

ఇక ఆ కాగితంలోని హెచ్చరిక. గుండెపోటు, రక్తం గడ్డలు, క్యాన్సరు, పెద్ద ఇన్ఫెక్షన్లు అని 2021లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ జాక్ ఇన్హిబిటర్ల మీద, అంటే ఒంటి రోగనిరోధక శక్తిని తగ్గించే నీ మాత్రలాంటి మందుల మీద, రాయించింది. దానికి ఆధారమైన పరిశీలన కీళ్ళవాతం రోగుల మీద జరిగింది. వాళ్ళంతా 50 దాటినవాళ్ళు, గుండెజబ్బు ముప్పు ముందే ఉన్నవాళ్ళు. వేసుకున్నది వేరే మాత్ర, టోఫాసిటినిబ్. నీకు 26, సిగరెట్టు లేదు. అలాగని ముప్పు లేనే లేదనుకోకు. నువ్వు పుట్టిన రెండో నెలలో మీ అమ్మకి ఎడమకాలి పిక్క బిగుసుకుపోయి ఎర్రగా వాచింది. లోపల రక్తం గడ్డకట్టింది. ఆ సంగతి నీకెవరూ చెప్పుండరు, డాక్టరుకీ తెలిసుండదు. రేపు వెళ్ళగానే ముందు అది చెప్పు. గర్భం రాకుండా మాత్రలు వాడుతుంటే అదీ చెప్పు, నా దగ్గర సిగ్గేమిటి.

టీబీ పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే, హెపటైటిస్ బీ, సీ, రక్తకణాలు, లివరు, కొలెస్ట్రాల్ చూడకుండా మొదటి మాత్ర వెయ్యకు. మన దేశంలో లోపల నిద్రపోతున్న టీబీ చాలామందికుంటుంది, ఈ మందు దాన్ని లేపగలదు. సర్పి టీకా ముందే వేయించుకోవచ్చేమో అడుగు. మొటిమలొస్తే గాభరాపడకు. నడుముకి ఒకపక్కే మంటగా నీటిపొక్కులు లేస్తే మాత్రం ఆరోజే చూపించు. ఒక కాలు వాచినా, ఆయాసం వచ్చినా అర్ధరాత్రయినా ఆస్పత్రికి పో.

ఖరీదు చూసి మెథోట్రెక్సేట్ అనే మాత్రకి మారుస్తామంటే, అది వారానికొక్కరోజే. రోజూ మింగేసిన పెద్దాయన ఒకాయన మా వార్డుకొచ్చాడు. నోరంతా పుండ్లు, చెంచాడు మంచినీళ్ళు మింగలేకపోయాడు. వారంలో ఏ రోజు వేసుకోవాలో స్కెచ్‌పెన్నుతో స్ట్రిప్పు మీదే రాసుకో. పెళ్ళి, పిల్లల ఆలోచనుంటే ఏ మాత్రకైనా ముందే చెప్పాలి.

రిపోర్టులొచ్చాక ఫొటో పంపు. మీ అమ్మ అప్పటి కాగితాలు నా ట్రంకుపెట్టెలో ఉన్నట్టే గుర్తు, ఈ రాత్రి వెతుకుతాను.

పెద్దమ్మ