కానూరులో గాడి తవ్వించిన మేనల్లుడికి

గుంటూరు, కొరిటెపాడు.

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు ఫోనుకు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. బాత్రూం నుంచి వీధి చాంబరు (మురుగు తొట్టి) దాకా మురుగు పైపు వేయడానికి గాడి తిన్నగా, అంచులు శుభ్రంగా తవ్వించావు. సంతోషం. అయితే పైపుల కింద అక్కడక్కడ పెట్టిన ఇటుక ముక్కలు చూశాక నాకు నిద్ర పట్టలేదు. ఈ ఉత్తరం చివరిదాకా చదివేవరకు ఒక్క తట్ట మట్టి కూడా వేయించకు.

ఆ ఇటుక ముక్కల సంగతి నాకు అనుభవం మీద తెలుసు. నేను పని నేర్చుకుంటున్న రోజుల్లో ఇక్కడే ఒక ఇంటికి అలాగే వేశాము. రసమట్టం (గాలిబుడగతో మట్టం చూపే పనిముట్టు) పెట్టి చూస్తే వాలు చక్కగా కనిపించింది. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ ఇంట్లో మరుగుదొడ్డి పొంగింది. తవ్వి చూస్తే ఇటుక ఉన్నచోట పైపు అలాగే ఉంది, రెండు ఇటుకల నడుమ మాత్రం కిందికి కుంగి గిన్నెలా తయారైంది. ఆ గిన్నెలో మురుగు నిలిచి గట్టిపడింది. మన నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని బీటలు వారుతుంది. అలాంటి నేలలో పైపు కొన్ని ముక్కల మీద నిలబడకూడదు, ఈ కొన నుంచి ఆ కొన వరకు వీపు ఆనించి పడుకోవాలి. కనుక గాడిని మరో 15 సెంటీమీటర్లు లోతు చేయించి, ఆ మందాన ఇసుక పరిచి, తడిపి, దిమ్మిసతో సర్దించు. సాకెట్, అంటే పక్క పైపు దూరే వెడల్పు నోరు, వచ్చే చోట ఇసుకలో చిన్న గుంట తీయించు. ఆ గుంట లేకపోతే పైపు బరువంతా సాకెట్ మీద పడి, మిగతా పొడవు గాలిలో తేలుతుంది.

ఫొటోలో మరొకటి గమనించాను. సాకెట్ నోళ్లు వీధివైపు ఉన్నాయి. అవి ఇంటివైపు, అంటే ఎత్తువైపు ఉండాలి. నీరు సాకెట్‌లోకి దిగుతూ వెళితే అతుకు దగ్గర ఏదీ చిక్కుకోదు. నీళ్లు పైనుంచి వస్తాయి కదా అని పని కూడా పైనుంచి మొదలుపెట్టడం అందరికీ అలవాటు. నువ్వు వీధి చాంబరు దగ్గర మొదలుపెట్టి ఇంటివైపు రా. మార్చలేని మట్టం ఆ చాంబరుది, మన చేతిలో ఉన్నది బాత్రూం వైపు కొన మాత్రమే.

ఇప్పుడు లెక్క చూడు. చాంబరు అడుగు నేలకు 80 సెంటీమీటర్ల లోతున ఉందని, ఇంటి నుంచి అక్కడికి 18 మీటర్లని చెప్పావు. మా పెద్దమేస్త్రీలు నాలుగు అంగుళాల పైపుకు వాలు నలభైకి ఒకటి (నలభై అడుగుల పొడవుకు ఒక అడుగు పల్లం), ఆరు అంగుళాలకు అరవైకి ఒకటి, తొమ్మిదికి తొంభైకి ఒకటి అని నేర్పారు. నీది నాలుగు అంగుళాలది. నలభైకి ఒకటి అంటే 18 మీటర్లకు 45 సెంటీమీటర్ల పల్లం. పైపు చాంబరు అడుగుకు 5 సెంటీమీటర్లు పైన దిగాలి కనుక, బాత్రూం దగ్గర పైపు అడుగు 30 సెంటీమీటర్ల లోతునే ఉంటుంది. దాని మీద 20 సెంటీమీటర్ల మట్టి కూడా నిలవదు, ముంగిట్లో కారు నిలిపే ఇంటికి అది చాలదు. అందుకే యాభైకి ఒకటి పెట్టుకో. 18 మీటర్లకు 36 సెంటీమీటర్లు, మూడు మీటర్ల పైపు ఒక్కొక్కటికి 6 సెంటీమీటర్లు. అరవైకి ఒకటి కంటే మాత్రం చదును చేయకు.

ఈ 36 సెంటీమీటర్లను నేలమీదికి తెచ్చేది లెవెల్ గొట్టం. గాడి రెండు కొసలను ఆనుకుని గట్టి కర్ర మేకులు దిగగొట్టు. సన్నని పారదర్శక గొట్టంలో నీళ్లు నింపి, నీలిమందు చుక్క కలుపు. లోపల ఒక్క గాలిబుడగ ఉన్నా లెక్క తప్పుతుంది. ముందుగా రెండు కొసలూ పక్కపక్కన పట్టి, నీళ్లు ఒకే ఎత్తున నిలిచాయో లేదో చూడు. ఇంటివైపు మేకు మీద గీత పెట్టి, అదే మట్టాన్ని వీధివైపు మేకుకు తెచ్చి, అక్కడి నుంచి 36 సెంటీమీటర్లు దించి మరో గీత పెట్టు. పై గీత నుంచి ఈ కింది గీతకు నైలాను దారం బిగువుగా కట్టు. అంత పొడవున దారం వేలాడుతుంది కనుక ఆరేసి మీటర్లకు ఒక ఆసరా మేకు పెట్టి, ఆ వాలుకే సరిచేయి. ఇక దారం నుంచి పైపు వీపు దాకా ఉండాల్సిన కొలత ప్రకారం ఒక కర్ర కోసుకో. దాన్ని ఏ పైపు వీపు మీద నిలిపినా తల దారానికి తగలాలి. సాకెట్ మీద మాత్రం నిలపకు.

రసమట్టాన్ని కూడా వదలకు. నీ దగ్గర ఉన్నది 60 సెంటీమీటర్లది. దాని ఒక కొన కింద 12 మిల్లీమీటర్ల చెక్క ముక్క కట్టి, ఆ కొన వీధివైపు ఉండేలా పైపు మీద పెట్టు. బుడగ నడిమికి వస్తే యాభైకి ఒకటి వాలు ఉన్నట్టే. కూలీలకు లెక్క వివరించాల్సిన పని ఉండదు, బుడగ చూసి వాళ్లే సర్దుతారు. కానీ రసమట్టం ఆ రెండు అడుగుల సంగతే చెబుతుంది, పొడవంతా దారమే చెప్పాలి.

పైపుకు వాలు కావాలి, ట్రాపుకు మాత్రం వాలు పనికిరాదు. బాత్రూం బయట పెట్టే గల్లీ ట్రాపును (వాసన రాకుండా నీళ్లు నిలిపే వంపును) నలువైపులా రసమట్టం పెట్టి సమంగా కూర్చోబెట్టు. లోపల సుమారు రెండు అంగుళాల నీళ్లు నిలిచి వాసనను అడ్డుకుంటాయి. ట్రాపు ఒరిగితే ఆ నీళ్లు తగ్గి కంపు ఇంట్లోకి వస్తుంది. తోవలో కలిసే పైపుకు టీ (T) ఆకారపు అతుకు వద్దు, వై (Y) ఆకారపుది వాడు. దాని కొమ్ము ప్రవాహం వైపు వాలి, కొద్దిగా పైకి తిరిగి ఉండాలి. మలుపు తిరగాల్సి వస్తే ఒకే 90 డిగ్రీల మలుపు కాకుండా 45 డిగ్రీల బెండ్లు రెండు పెట్టు. సాల్వెంటు (పైపులు అతికించే జిగురు) రాసే ముందు ఫిట్టింగులన్నీ ఉత్తగా జతచేసి చూసి, అతుకు మీదుగా పెన్సిలు గీత గీయి. సాల్వెంటు రాశాక తిప్పి సర్దే సమయం ఉండదు, ఆ గీతలు కలిస్తే చాలు. రబ్బరు రింగు అతుకులకు సబ్బునీళ్లు రాయి, నూనె రాయకు, రబ్బరు పాడవుతుంది. పైపును పూర్తిగా లోపలికి నెట్టి, 10 మిల్లీమీటర్లు వెనక్కి లాగు. ఎండకు పైపు సాగితే ఆ ఖాళీ పనికొస్తుంది.

మీ వైపు కాలువలకు నీళ్లు వదిలితే గాడిలో ఊట వస్తుంది. ఖాళీ పైపు నీళ్లలో తేలుతుందని చాలామందికి తట్టదు. మూడు మీటర్ల నాలుగు అంగుళాల పైపు పూర్తిగా మునిగితే దాదాపు 28 కిలోల నీటిని పక్కకు నెడుతుంది, దాని సొంత బరువు ఏడు కిలోలు కూడా ఉండదు. ఒక్క రాత్రి వానకు నీ వాలంతా పైకి లేచిపోతుంది. కనుక ఏ రోజు వేసిన పైపుకు ఆ రోజే అతుకులు వదిలేసి, పక్కలా నడుమా ఇసుక వేయించు. రెండు పక్కలా ఒకేసారి వేయాలి, ఒకే వైపు వేస్తే పైపు జరుగుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునగడం చూశావు కదా. బాత్రూం నేల వీధి చాంబరు మూత కంటే ఎత్తులో ఉండేలా చూసుకో, వీధి పొంగితే నీళ్లు మొదట వెతికేది పల్లంలో ఉన్న నోటినే.

అతుకులు కప్పే ముందు మూడు పరీక్షలు చేయి. చాంబరులో అద్దం పెట్టి, అవతలి కొన నుంచి టార్చి వేయించు. వెలుగు నిండు చందమామలా కనిపించాలి. అర్ధచంద్రుడిలా ఉంటే నడుమ ఎక్కడో పైపు పక్కకో కిందికో జరిగింది. తరువాత పైపు లోపలి వ్యాసం కంటే అర అంగుళం చిన్నదైన బంతిని పైనుంచి వదులు, దానంతట అదే చాంబరులోకి రావాలి. చివరగా కింది కొన బిగించి, నీళ్లు నింపి, గాలి పోయే వరకు ఆగి, పై మట్టానికి గీత పెట్టి అర గంట చూడు.

నేను శనివారం ఉదయం బస్సులో విజయవాడ వస్తాను. అప్పటికి సాకెట్లు ఇంటివైపు తిప్పి, ఇసుక పరిచి, దారం కట్టించి ఉంచు. నా లెవెల్ గొట్టం కూడా తెస్తాను, నీ గీతలను ఇద్దరం కలిసి మరోసారి సరిచూద్దాం. అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య