మాల తీశాక తోడెవరు?

మహారాష్ట్రలోని సిరొంచా తాలూకా నుంచి ఒక సోదరి రాశారు: "మా ఆయన మిర్చి తోట చేస్తాడు. ఐదారేళ్లుగా తాగుడు ఎక్కువైంది. మా జిల్లాలో మందు బందే, కానీ వంతెన దాటితే కాళేశ్వరం వైపు అన్నీ దొరుకుతాయి. ఊళ్లో ఇప్పసారా ఉండనే ఉంది. రెండుసార్లు అయ్యప్ప మాల వేసుకుని చుక్క ముట్టలేదు. మాల తీసిన వారానికే మళ్లీ మొదలు. పోయిన నెల పిల్లాడి మీద ఒట్టేసి మానేశాడు. చేతులు వణికాయి, మూడో రాత్రి గోడ మీద పురుగులున్నాయని అరిచాడు. భయపడి మా అత్తే సారా తెచ్చి పోసింది. ఇప్పుడేమో తెలియకుండా అన్నంలో కలిపే మందు ఉందంటోంది. తాగుడు మానినవాళ్ల గ్రూపులు ఉంటాయట. మాకు దగ్గరలో దొరుకుతాయా? మాకు మరాఠీ అంతంత మాత్రమే."

అమ్మా, గ్రూపు కన్నా ముందు ఆ మూడో రాత్రి గురించి మాట్లాడాలి. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో మతి తప్పి, లేనివి కనిపించవచ్చు. అది గాలి సోకడమూ కాదు, నాటకమూ కాదు. ప్రాణం తీయగల జబ్బు. మాల రోజుల్లో రాని వణుకు ఇప్పుడు వచ్చిందంటే తాగుడు ముదిరిందనే అర్థం. మీ అత్తగారిని ఏమీ అనకండి, కొడుకు పోతాడేమోనన్న భయంతో చేసింది. కానీ ఈసారి ఇంట్లో మాన్పించే ప్రయత్నం వద్దు. ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లి పోయినసారి జరిగింది ఉన్నదున్నట్టు చెప్పండి. వణుకు, ఫిట్స్ రాకుండా కొన్ని రోజులు మందులిచ్చి మెల్లగా తగ్గిస్తారు, బి1 విటమిన్ ఇస్తారు. కల్లు అలవాటు కూడా ఉంటే దాచకండి. కల్తీ కల్లులో ఆల్ప్రజోలం లాంటి మత్తుమందులు కలుపుతారు, అవి ఆగినా ఫిట్స్ వస్తాయి.

అన్నంలో కలిపే మందు మాత్రం వద్దే వద్దు. అలాంటి పొడుల్లో ఏముందో అమ్మేవాడికే తెలియదు. డాక్టర్లు రాసే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటుంది. అది వేసుకున్నాక తాగితే గుండెదడ, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణాపాయం. అందుకే మనిషికి చెప్పి, ఒప్పించి, పరీక్షలు చేశాకే ఇస్తారు. తెలియకుండా పెడితే అది వైద్యం కాదు. పైగా ఆ సంగతి బయటపడిన రోజు నుంచి మీ చేతి అన్నం ముట్టడు.

ఇక మాల సంగతి. మీరు దాన్ని ఓటమిలా రాశారు, నాకు అందులోనే ఆశ కనిపించింది. మండలం రోజులు ఆయన్ను ఆపింది భక్తి ఒక్కటే కాదు. తెల్లవారుజామున స్నానానికి లేపే సాటి స్వాములు, సాయంత్రం భజన, మనసు చెదిరితే వెళ్లి చెప్పుకోవడానికి గురుస్వామి ఉన్నారు. మాల తీయగానే వాళ్లంతా ఎవరి ఇళ్లకు వాళ్లు పోయారు, ఆయన మళ్లీ ఒంటరివాడయ్యాడు. మీరడిగిన గ్రూపు మాల తీయని అలాంటి బృందమే. ఆల్కహాలిక్స్ అనానిమస్, అందరూ ఏఏ అంటారు, 1935లో అమెరికాలో ఇద్దరు తాగుబోతులు ఒకరికొకరు తోడుండి మానడంతో మొదలైంది. ఫీజు లేదు. ఎవరు వచ్చారో, ఏం చెప్పుకున్నారో బయట మాట్లాడుకోరు కాబట్టి పరువు గురించి టెన్షన్ పడక్కర్లేదు. మానాలన్న కోరిక ఉంటే చాలు.

మీ దగ్గర ఎక్కడంటే, ముందు ముక్తిపథ్ వాళ్లను కలవండి. 1993 నుంచి మద్యనిషేధం ఉన్న మీ గడ్చిరోలి జిల్లాలోనే 2016లో మొదలైన కార్యక్రమం అది. తాలూకాల్లో వ్యసనం మాన్పించే క్లినిక్‌లు, ఊరి సంఘాలు నడుపుతుంది. మీ దగ్గర ఏ రోజు, ఎక్కడ అన్నది ఆశా వర్కర్‌ను అడగండి. సిరొంచాలో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవా! ఫోన్‌లో అడగాలంటే వ్యసనాల కోసం 14446, మనసు బాగాలేనప్పుడు టెలి మానస్ 14416. రెండూ ఉచితం. టెలి మానస్‌లో తెలుగు ఎంచుకోవచ్చు. హైదరాబాద్‌లో తెలుగు ఏఏ మీటింగులున్నాయి, ఫోన్‌లోనే చేరే ఆన్‌లైన్ మీటింగుల గురించీ ఏఏ వాళ్లను అడగండి. ఇద్దరు ముగ్గురు కలిసినా ఏఏ గ్రూపే అవుతుంది. మీ పక్క ఊళ్లో తాగుడు మానిన మనిషి ఒక్కరున్నా వదలకండి. ఆయనతో పాటు మాల వేసిన స్వాముల్లో అలాంటివారు ఉండే ఉంటారు.

ఆయన ఒప్పుకోకపోతే? మీరు వెళ్లండి. తాగేవారి ఇంటివాళ్ల కోసమే 1951లో అల్-అనాన్ అనే గ్రూపు మొదలైంది. ఆయన మానినా మానకపోయినా మీరు నిద్రపోవాలి కదా, పిల్లాడు చదువుకోవాలి కదా. చెయ్యి చేసుకుంటే మాత్రం మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి, అది ఓర్చుకోవాల్సిన విషయం కాదు.

మాట్లాడేది పొద్దున, ఆయన మత్తులో లేనప్పుడు. మళ్లీ ఒట్లు వేయించకండి. "ఆ రాత్రి నువ్వు పోతావేమోనని భయమేసింది, డాక్టర్ దగ్గరికి నేనూ వస్తా" అనండి, అంతే. ఈలోగా వణుకు, ఫిట్స్, మతి తప్పడం ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.